నాన్-బహ్రెయినీ గడిలో మనవాళ్లు

దేశం విస్తీర్ణం బడి పుస్తకంలో ఒకసారి అచ్చయిందంటే మళ్లీ ఎవరూ దాని జోలికి వెళ్లరు. బహ్రెయిన్ సంగతి వేరు. అక్కడి ప్రభుత్వ గణాంకాల్లో విస్తీర్ణం కూడా జనాభాలాగే పెరుగుతూ వస్తోంది. సముద్రాన్ని ఇసుకతో, రాళ్లతో పూడ్చి అమ్వాజ్ దీవులు లేపారు, దియార్ అల్ ముహర్రక్ కట్టారు. రాజధాని మనామాలో బాబ్ అల్ బహ్రెయిన్ అనే ద్వారం కట్టిన కొత్తలో సముద్రపు ఒడ్డునే ఉండేది. ఇప్పుడు దాని ముందు నిలబడితే రోడ్లు, బ్యాంకుల మేడలు కనిపిస్తాయి గానీ నీళ్లు కనిపించవు. ఇంత పూడ్చినా దేశం మొత్తం దాదాపు 780 చదరపు కిలోమీటర్లే. మొన్నమొన్నటి దాకా ఉన్న హైదరాబాద్ జీహెచ్‌ఎంసీ 650. పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఏపాటిదో తెలుస్తుంది.

ఈ లెక్కలు చూడాలంటే ఎవరి సిఫారసూ అక్కర్లేదు. బహ్రెయిన్ ప్రభుత్వానికి ఓపెన్ డేటా పోర్టల్ అని ఒకటుంది. ఇన్ఫర్మేషన్ అండ్ ఈ-గవర్నమెంట్ అథారిటీ అనే సంస్థ దాన్ని నడుపుతుంది. జననాలు, మరణాలు, బడులు, ఆసుపత్రులు, వాహనాలు, దిగుమతులు... వందల కొద్దీ పట్టికలు ఉన్నాయి. లాగిన్ లేదు, రుసుము లేదు. సిద్దిపేటలో కూర్చున్న డిగ్రీ విద్యార్థి కూడా దించుకోవచ్చు.

ఓపెన్ డేటా అనగానే ప్రభుత్వ వెబ్‌సైట్లో ఏదో ఒకటి పెట్టడమే అనుకుంటారు చాలామంది. అంత తేలిక కాదు. వంకరగా స్కాన్ చేసిన రెండొందల పేజీల నివేదికను పీడీఎఫ్‌గా పెట్టేసి, అందులోంచి ఒక్కో అంకె చేత్తో ఎక్కించుకోమంటే అది తెరిచినట్టు కాదు. వండిన అన్నం విస్తట్లో పెట్టడం వేరు, బియ్యం చేతికివ్వడం వేరు. బియ్యమిస్తే ఎవరికి కావలసింది వాళ్లు వండుకుంటారు. లెక్కలు కూడా ఎక్సెల్‌లోనో సీఎస్‌వీలోనో, కంప్యూటర్ నేరుగా చదవగలిగేలా ఉండాలి. ఎవరైనా వాడుకోవచ్చు, మళ్లీ పంచుకోవచ్చు అనే అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. అమెరికా 2009లో ఇలాంటి పోర్టల్ తెరిచింది. మన దేశం 2012లో జాతీయ విధానం ప్రకటించి అదే ఏడాది డేటా డాట్ గవ్ డాట్ ఇన్ మొదలుపెట్టింది. బహ్రెయిన్ కూడా ఆ బాటే పట్టింది, పైగా చిన్న దేశం కాబట్టి పని చురుగ్గానే సాగింది. ఐక్యరాజ్యసమితి 2024 ఈ-గవర్నమెంట్ సర్వేలో బహ్రెయిన్‌ది 18వ స్థానం. అమెరికాది 19. మనది 97.

లెక్కలు తీయడం ఆ దీవులకు కొత్త కూడా కాదు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1941లోనే అక్కడ తొలి జనగణన జరిగింది. మొత్తం 89,970 మంది తేలారు. ఆ లెక్కలో ఒక విశేషం ఉంది. ఎవరు సున్నీలు, ఎవరు షియాలు అన్నది అందులో అచ్చయింది. ఆ తరువాత జరిగిన ఏ జనగణనలోనూ ప్రభుత్వం ఆ వివరం బయటపెట్టలేదు. అక్కడి రాజకీయమంతా తిరిగేది సరిగ్గా ఆ ప్రశ్న చుట్టూనే కాబట్టి, ఆ గడి ఎందుకు మాయమైందో ఊహించడం కష్టమేమీ కాదు. 2011 ఆందోళనల సమయంలో ప్రపంచ పత్రికలు 'షియాలు మెజారిటీ' అని రాస్తూ వచ్చినా, చేతిలో పట్టుకుని చూపించడానికి తాజా అధికారిక అంకె ఎవరి దగ్గరా లేదు.

2020 జనగణనకు వచ్చేసరికి ఇంటింటికీ వెళ్లే ఎన్యూమరేటరే లేకుండా పోయాడు. ఆసుపత్రి, బడి, ఇమిగ్రేషన్, కరెంటు మీటరు... ప్రభుత్వ శాఖల దగ్గర అప్పటికే ఉన్న రికార్డులను కలిపి జనాభా తేల్చారు: 15,01,635. వీరిలో బహ్రెయినీలు 7,12,362. బయటి నుంచి వచ్చినవాళ్లు 7,89,273.

ఇలా కలపగలిగారంటే దానికి కారణం సీపీఆర్ కార్డు. అక్కడ ఉంటున్న ప్రతి మనిషికీ ఒక తొమ్మిదంకెల సంఖ్య ఉంటుంది. మొదటి రెండంకెలు పుట్టిన సంవత్సరం, తరువాతి రెండు నెల. 1987 ఆగస్టులో పుట్టినవాడి సంఖ్య 8708తో మొదలవుతుంది. సిమ్ కొనాలన్నా, డబ్బు ఇంటికి పంపాలన్నా, జ్వరమొచ్చి హెల్త్ సెంటరుకు వెళ్లినా కౌంటర్లో మొదట అడిగేది 'సీపీఆర్?' అనే. జగిత్యాల నుంచో రాయచోటి నుంచో వెళ్లినవాడికి అరబ్బీలో నోటికి పట్టే తొలి పాఠం ఈ అంకెలే.

మరి ఆ 7,89,273 మందిలో తెలుగువాళ్లెందరు?

పోర్టల్ తెరిచి చూస్తే చాలా పట్టికల్లో రెండే గడులు కనిపిస్తాయి: బహ్రెయినీ, నాన్-బహ్రెయినీ. ఇంకాస్త విడదీసిన చోట ఆసియన్లు, ఇతర అరబ్బులు, ఐరోపావాళ్లు అనే గుంపులు. కోనసీమ నుంచి ఇంటిపనికి వెళ్లిన అమ్మ, సిత్రా ఫ్యాక్టరీలో పనిచేసే సిరిసిల్ల మేస్త్రీ, మనీలా నర్సు, ఢాకా డ్రైవరు, కరాచీ దర్జీ అంతా ఒకే 'ఆసియన్' గడిలో సర్దుకోవాలి. బహ్రెయిన్‌లో భారతీయులు మూడు లక్షలకు పైగా ఉన్నారనే అంకె మన రాయబార కార్యాలయం, విదేశాంగ శాఖ చెబితే తెలిసేది. భాష లెక్క వాళ్ల దగ్గరా లేదు. తెలుగు కళా సమితి సంక్రాంతి, ఉగాది చేస్తుంది, హాలు నిండుతుంది. కానీ హాలుకు వచ్చేవాళ్లలో సెలవు దొరికినవాళ్లే ఎక్కువ. ఖాదమ్మగా, అంటే ఇళ్లలో పనిమనిషిగా ఉండే ఆమెకు శుక్రవారం కూడా వంటింట్లోనే తెల్లారుతుంది.

ఇది లెక్కల పిచ్చి కాదు. తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ఇస్తామని 2024 సెప్టెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. ఎంతమందికి ఇవ్వాలి, బడ్జెట్‌లో ఎంత పెట్టాలి అంటే ముందు ఎవరెక్కడ ఉన్నారో తెలియాలి కదా.

బహ్రెయిన్ తెరిచిన వాటిలో నిజంగా ఘనమైనది ఒకటుంది. 2002లో చట్టంతో ఏర్పాటైన టెండర్ బోర్డు వారంవారం బిడ్లను బహిరంగంగా తెరుస్తుంది. ఏ శాఖ ఏ పనికి పిలిచింది, ఏయే కంపెనీలు వేశాయి, ఎవరు ఎంతకు వేశారు అనేది వెబ్‌సైట్లో కంపెనీ పేరుతో సహా కనిపిస్తుంది. దినార్‌కు వెయ్యి ఫిల్సులు కాబట్టి ధరలు మూడు దశాంశాల దాకా రాసి ఉంటాయి. మురుగు కాలువ పనికి ఒకడు వేసిన ధరకూ పక్కవాడు వేసిన ధరకూ తేడా ఎంతో ఫిల్సుతో సహా చూసుకోవచ్చు. కాంట్రాక్టు కంపెనీల్లో పనిచేసే ఇంజనీర్లకు వచ్చే ఏడాది పని ఎటువైపు ఉంటుందో ఇందులో ఆనవాలు దొరుకుతుంది. మన దగ్గర ఇ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చి ఎన్నేళ్లయినా, మామూలు మనిషి వెళ్లి ఒక రోడ్డు టెండరు కథ మొదటి నుంచి చివరి దాకా చదవగలగడం ఇప్పటికీ కష్టమే. ఈ విషయంలో ఆ దీవి దగ్గర నేర్చుకోవచ్చు.

కార్మికుడికి దగ్గరగా వచ్చే లెక్క ఇంకొకటి. లేబర్ మార్కెట్ రెగ్యులేటరీ అథారిటీ, 2006లో పుట్టిన ఎల్‌ఎంఆర్‌ఏ. ఇది మూడు నెలలకోసారి ఉద్యోగాల సూచికలు విడుదల చేస్తుంది, అందులో కొత్త పర్మిట్లు, జీతాల వంటివి ఉంటాయి. దానికంటే విలువైనది, కార్మికుడు తన సీపీఆర్ సంఖ్య కొట్టి తన పర్మిట్ సంగతి తానే చూసుకునే వీలు. గల్ఫ్ తెలుగులో 'కల్లివల్లి' అనే మాట వినని ఇల్లు కరీంనగర్ వైపు ఉండదు. అరబ్బీలో 'పోనీ, వదిలెయ్' అనే అర్థమున్న ఖల్లీ వల్లీయే, కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చిన యజమానిని వదిలేసి కాగితాలు లేకుండా బతికేవాడి పేరైపోయింది. ఒకప్పుడు తాను కల్లివల్లి అయ్యానన్న సంగతి కొందరికి విమానాశ్రయంలోనో పోలీసు తనిఖీలోనో తెలిసేది. యజమాని 'పనికి రావడం లేదు' అని ఎప్పుడో రాసిచ్చి ఉంటాడు, పనివాడేమో తనది ఎక్కడైనా పనిచేసుకోవచ్చనే ఆజాద్ వీసా అనుకుని ఇంకోచోట సిమెంటు మోస్తుంటాడు. ఇప్పుడు ఫోన్‌లో తెలుస్తుంది. ఇది అచ్చంగా ఓపెన్ డేటా కాదు, ఎవరి రికార్డు వాళ్లకే కనిపిస్తుంది. అయినా సల్మాబాద్ క్యాంపులోని మనిషికి దేశ స్థూల ఉత్పత్తి పట్టికకన్నా ఈ ఒక్క వరుసే ముఖ్యం.

తెరిచే చెయ్యే తడిమి చూడగలదు కూడా. కరోనా వచ్చినప్పుడు బహ్రెయిన్ 'బీఅవేర్' అనే యాప్ తెచ్చింది. ఎవరు ఎక్కడ తిరుగుతున్నారో ఎప్పటికప్పుడు కేంద్ర సర్వరుకు చేరేది. క్వారంటైన్‌లో ఉన్నవాళ్ల చేతికి దానితో ముడిపెట్టిన బ్రేస్‌లెట్. ప్రజల గోప్యతలోకి మరీ చొరబడుతున్న యాప్‌లలో ఇదొకటని 2020 జూన్‌లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ తప్పుపట్టింది. కువైట్, నార్వే యాప్‌లను కూడా అదే వరుసలో పెట్టింది. ఆ రంజాన్‌లో 'మీరు ఇంట్లోనే ఉన్నారా?' అని ఒక టీవీ కార్యక్రమం వచ్చేది. యాప్ ద్వారా సేకరించిన నంబర్ల నుంచి కొందరికి ఫోన్ చేసి, ఇంట్లో ఉంటే బహుమతి ఇచ్చేవారు. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అంతకు ముందే, 2019 ఆగస్టులోనే అమల్లోకి వచ్చింది మరి.

అసలు లోటు ఎక్కడుందంటే, బహ్రెయిన్‌లో సమాచార హక్కు చట్టం లేదు. జోర్డాన్ 2007లో, కువైట్ 2020లో అలాంటి చట్టాలు చేసుకున్నాయి. బహ్రెయిన్ ఇంకా చేయలేదు. పోర్టల్‌లో పెట్టినది చూడొచ్చు. పెట్టనిది కావాలంటే, ముప్పై రోజుల్లో జవాబివ్వమని పౌరుడు దరఖాస్తు పడేసే దారి లేదు. 18వ స్థానం తెచ్చిపెట్టే సర్వేలు ఆన్‌లైన్ సేవలు ఎంత బాగున్నాయో కొలుస్తాయి గానీ, 'అడిగితే చెప్తారా' అన్నది అంతగా పట్టించుకోవు.

విచిత్రమేమిటంటే, మనామాలో ఉన్న తెలుగు కార్మికుడికి ఆ హక్కుంది. బహ్రెయిన్ ప్రభుత్వం మీద కాదు, మన ప్రభుత్వం మీద. 2005 సమాచార హక్కు చట్టం భారత పౌరుడికి వర్తిస్తుంది, అతడు ఏ దేశంలో ఉన్నా సరే. చాలాకాలం చిక్కొచ్చి పడింది పది రూపాయల రుసుము దగ్గర. విదేశంలో ఉన్నవాడు పోస్టల్ ఆర్డర్ ఎక్కడ కొంటాడు? దానికోసం తపాలా శాఖ 2013 మార్చిలో ఈ-ఐపీవో అనే ఎలక్ట్రానిక్ పోస్టల్ ఆర్డర్ మొదలుపెట్టింది, కార్డుతో కట్టొచ్చు. అదే ఏడాది ఆగస్టులో కేంద్రం ఆర్‌టీఐ ఆన్‌లైన్ పోర్టల్ తెచ్చింది. మనామాలోని భారత రాయబార కార్యాలయం కూడా ఈ చట్టం కిందికే వస్తుంది. గత ఏడాది ఎందరు తెలుగువాళ్ల మృతదేహాలు ఇంటికి పంపారు, జీతం ఎగ్గొట్టారన్న ఫిర్యాదులు ఎన్ని వచ్చాయి అని అడగొచ్చు.

మన ఇల్లు చక్కగా ఉందని చెప్పుకోవడానికి కాదు ఇదంతా. 2014 ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. లెక్కలో పేరు లేకపోతే ఏం పోతుందోనని ముంబై, భివండి, సూరత్‌ల నుంచి జనం బస్సుల్లో, రైళ్లలో నిలబడి వచ్చారు. రాష్ట్రం ఒక్కరోజు ఆగిపోయింది. ఆ వివరాలు పూర్తిగా ప్రజల ముందుకు రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి జీవోలు ఆన్‌లైన్లో ఉండేవి, 2021 ఆగస్టులో వాటిని పెట్టడం ఆపేశారు, మళ్లీ 2024లో ప్రభుత్వం మారాక గానీ ఆ తలుపు తెరుచుకోలేదు. అటు ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో మస్టర్ రోల్ ఊరి మధ్య మైకులో చదివి, 'ఈ పది రోజులు నువ్వు పనికి వెళ్లావా?' అని కూలీనే అడిగిన రాష్ట్రం కూడా ఇదే. అక్కడ సీఎస్‌వీ లేదు, పోర్టల్ లేదు. చనిపోయినవాడి పేరు మీద కూలి పడిందని ఎవరో లేచి చెప్పేవారు.

ఇక తెలుగువాళ్లెందరన్న ప్రశ్నకు దగ్గరగా వచ్చే లెక్క ఢిల్లీలో ఉంది. గల్ఫ్‌కు పనికి వెళ్లేవాళ్లలో పదో తరగతి పాసు కాని వాళ్లకు ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తారు. బహ్రెయిన్‌కు వెళ్లాలంటే వాళ్లు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అనుమతి తీసుకోవాలి, అక్కడ ఏ రాష్ట్రం నుంచి ఎందరన్నది నమోదవుతుంది. పార్లమెంటులో ప్రశ్న వేసినప్పుడు రాష్ట్రాలవారీ అంకెలు బయటికొచ్చేది ఇక్కడి నుంచే. పదో తరగతి తప్పి రిఫాలో తాపీపని చేస్తున్న అన్న ఆ పట్టికలో ఉంటాడు. అది పాసై, ఐటీఐ కూడా చేసి, పక్క సైటులోనే ఎలక్ట్రీషియన్‌గా ఉన్న తమ్ముడు అందులో ఉండడు.