పాత పీపీటీని పీపీటీఎక్స్ చేస్తున్నారా? ముందు తెలుగు ఫాంట్ పేరు రాసి పెట్టుకోండి

డాట్ పీపీటీ అంటే పవర్‌పాయింట్ 97 నుంచి 2003 వరకు నడిచిన బైనరీ ఫార్మాట్. ఆఫీస్ 2007తో పీపీటీఎక్స్ వచ్చింది. ఇది నిజానికి ఒక జిప్ ఫైల్. డౌట్ ఉంటే ఒక కాపీకి ఎక్స్‌టెన్షన్ జిప్ అని మార్చి ఓపెన్ చేయండి, మీడియా ఫోల్డర్‌లో మీ ఫొటోలన్నీ కనిపిస్తాయి.

మార్చడం ఈజీనే. పవర్‌పాయింట్‌లో ఫైల్, ఇన్ఫో, కన్వర్ట్. అంతే. ఆఫీస్ లేకపోతే లిబ్రే ఆఫీస్ ఫ్రీ, అందులో సేవ్ యాజ్ చాలు.

అసలు తలనొప్పి తెలుగు స్లైడ్స్‌తో. మాది పాతబస్తీ. మా గల్లీలో ఉండే రిటైర్డ్ టీచర్ ఒకరు 40 పాఠాలున్న పెన్‌డ్రైవ్ ఇచ్చి, "బిడ్డా, బొమ్మలన్నీ ఉన్నయ్ గానీ తెలుగే పోయింది" అన్నారు. ఓపెన్ చేస్తే అన్నీ పిచ్చి గుర్తులే.

కారణం సింపుల్. అప్పట్లో చాలామంది తెలుగు టైప్ చేసింది అను, శ్రీలిపి లాంటి ఫాంట్లలో. అవి యూనికోడ్ కావు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల స్థానంలో తెలుగు ఆకారాలు గీసిన ఫాంట్లు. అంటే ఫైల్‌లో ఉన్నది తెలుగు కాదు, ఆ ఇంగ్లిష్ కోడ్లే. ఫాంట్ లేని సిస్టమ్‌లో అసలు రంగు బయటపడుతుంది. పీపీటీఎక్స్ చేసినా డబ్బా మారుతుంది, సరుకు మారదు.

ఇక్కడే చాలామంది రీప్లేస్ ఫాంట్స్‌కి వెళ్లి గౌతమి పెట్టేస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు! తెలుగు రాదు సరికదా, ఏ ఫాంట్‌లో టైప్ చేశారో ఆ పేరు కూడా పోతుంది. ఏ కోడ్‌కి ఏ అక్షరమో తేల్చడానికి ఉన్న ఆధారం ఆ పేరే.

మేము ముందు ఒరిజినల్స్ కాపీ తీశాం. టెక్స్ట్ మీద క్లిక్ చేస్తే హోమ్ ట్యాబ్‌లో ఫాంట్ పేరు వస్తుంది, సిస్టమ్‌లో అది లేకపోయినా సరే. అది రాసుకున్నాం. తర్వాత ఛత్తా బజార్‌లో పెళ్లి పత్రికలు చేసే ఒక డీటీపీ షాపులో, ఆ ఫాంట్లున్న సిస్టమ్ మీద అన్నిటికీ పీడీఎఫ్ తీయించాం. పాఠం ఎలా ఉండాలో చెప్పే సాక్ష్యం అదే. ఆ తర్వాతే యూనికోడ్ కన్వర్టర్. ఒత్తులు, క్ష లాంటివి పీడీఎఫ్‌తో పోల్చి చూడాలి. అదే బాక్సులో ఇంగ్లిష్ మాటలుంటే పక్కకు తీసి పెట్టండి, లేకపోతే కన్వర్టర్ వాటినీ తెలుగు చేసేస్తుంది. కొత్త ఫాంట్‌గా మండలి పెట్టాం. గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీ, ప్రొజెక్టర్ మీద చక్కగా చదవొచ్చు.

ఉర్దూ స్లైడ్స్‌కి కథ వేరు. ఇన్‌పేజ్ నుంచి బొమ్మగా అతికించి ఉంటే కన్వర్టర్ పనికిరాదు. నోటో నస్తలీఖ్‌లో మళ్లీ టైప్ చేయాల్సిందే.

ఆడియో సంగతి కూడా చూడండి. పాత పవర్‌పాయింట్ డిఫాల్ట్‌గా 100 కేబీ లోపు వేవ్ ఫైల్స్‌నే లోపల దాచేది, మిగతావి లింకులే. అందుకే పీపీటీ ఒక్కటే కాదు, ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోండి.

సార్ పాఠాల్లో ఇప్పటికి 11 అయ్యాయి. వాటిని ఆయన ఫోన్‌లోనే తెలుగులో సెర్చ్ చేసుకుంటున్నారు. మిగతావి వచ్చే ఆదివారాల్లో.