నల్లగొండ నీళ్లు నడుములు ఎందుకు వంచాయి?
నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు కొందరి పళ్లమీద గోధుమరంగు చారలుంటాయి. కొందరికి నడుము వంగిపోయింది, మెడ తిరగదు. దీనికి క్రిములేమీ కారణం కాదు, బోరునీళ్లే!

అక్కడి గ్రానైటు రాళ్లలో ఫ్లోరైడ్ ఉంది. భూమిలోపల ఏళ్లతరబడి రాతిని ఒరుసుకుంటూ నిలిచిన నీళ్లు దాన్ని కరిగించుకుంటాయి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు రోజూ తాగితే అది ఎముకల్లో పేరుకుంటుంది. ఎముక మందమవుతుంది గానీ బలం రాదు, పెళుసుబారుతుంది. కీళ్ల చుట్టూ ఉండే మెత్తని కణజాలంలోనూ కాల్షియం చేరి బిగుసుకుపోతుంది. ఇదే ఫ్లోరోసిస్.

మరి కాచి తాగితే? ఇంకా నష్టం! నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తొలగేలా నీటిని తేర్చే పద్ధతికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరుంది. వంగిన ఎముకను మందులు సరిచేయలేవు కాబట్టి, అసలు జబ్బే రాకుండా ఆ ఊళ్లకు కృష్ణా నీళ్లు తెచ్చారు.