అంకె మారిందని మందు మానొద్దు

తణుకు: హెచ్‌ఐవీ బాధితుడు ఒకే వారంలో రెండు ప్రయోగశాలల్లో రక్తం ఇస్తే వైరస్ లెక్క ఒకచోట 12 వేలు, మరోచోట 20 వేలు అని రావచ్చు. అంతమాత్రాన వ్యాధి ముదిరినట్లు కాదు. ఈ తేడాకు బెదిరి మందులు మానేయడమే అసలు ప్రమాదం.

ఏ పరీక్ష ఏం చెబుతుంది?

ఐసీటీసీల్లో చేసే ర్యాపిడ్ పరీక్ష హెచ్‌ఐవీ సోకిందో లేదో తేలుస్తుంది. వైరస్ ఎంత ఉందో చెప్పదు. ఒక మిల్లీలీటరు ప్లాస్మాలో వైరస్ ఆర్‌ఎన్‌ఏ ప్రతులు ఎన్ని ఉన్నాయో లెక్కించేది వైరల్ లోడ్ పరీక్ష. రోగనిరోధక కణాలను లెక్కించేది సీడీ4 పరీక్ష. డెల్టా రైతుకు అర్థమయ్యేలా చెప్పాలంటే కాలువలో వరద ఎంత ఉందో తెలిపేది మొదటిది, గట్టు ఎంత మిగిలిందో తెలిపేది రెండోది. వరద పెరిగిన కొన్నాళ్లకు గాని గట్టు కోత బయటపడదు. అందుకే మందులు పనిచేయకపోతే వైరల్ లోడ్ పరీక్షే ముందుగా పసిగడుతుంది.

తేడా ఎందుకు?

ఆర్‌టీ-పీసీఆర్ విధానంలో వైరస్ ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి, దానికి అసంఖ్యాకంగా నకళ్లు తీసి లెక్కిస్తారు. బ్రాంచ్‌డ్ డీఎన్‌ఏ విధానంలో నకళ్లు తీయరు. ఆర్‌ఎన్‌ఏకు అంటుకున్న రసాయనాల నుంచి వెలువడే కాంతిని కొలుస్తారు. కొలిచే పద్ధతి వేరైతే అంకె మారుతుంది. జ్వరం, ఇటీవల వేయించుకున్న టీకా కూడా లెక్కను తాత్కాలికంగా పెంచవచ్చు. కాబట్టి మూడు రెట్లలోపు తేడాను వైద్యులు సాధారణంగా నిజమైన మార్పుగా పరిగణించరు. మూడు వేలు ముప్పై వేలైతే మాత్రం అలక్ష్యం తగదు.

వెయ్యి దాటితే...

దేశంలో ఉచిత ఏఆర్‌టీ చికిత్స 2004 ఏప్రిల్ 1న ప్రారంభమైంది. తొలినాళ్లలో సీడీ4 లెక్కే ప్రధాన ఆధారం. 2018లో చికిత్స పొందుతున్న వారందరికీ ఉచిత వైరల్ లోడ్ పరీక్షలు మొదలయ్యాయి. మందులు ప్రారంభించిన 6 నెలలకు, 12 నెలలకు, ఆపై ఏటా ఈ పరీక్ష చేస్తారు. లెక్క వెయ్యి, అంతకు మించి ఉంటే వెంటనే మందులు మార్చరు. క్రమం తప్పకుండా వేసుకుంటున్నారో లేదో విచారించి, కౌన్సెలింగ్ ఇచ్చి, మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షిస్తారు. ‘వైరస్ కనిపించలేదు’ అని వస్తే వ్యాధి నయమైనట్లు కాదు. యంత్రం పట్టుకోగలిగిన స్థాయి కంటే తగ్గిందని మాత్రమే అర్థం. మందులు ఆపితే మళ్లీ పెరుగుతుంది.

ఎవరైనా గుర్తుపడతారన్న బెరుకుతో ఒకసారి తణుకులో, మరోసారి రాజమహేంద్రవరంలో రక్తం ఇస్తే ఆ అంకెలను పోల్చడం కష్టం. వీలైనంత వరకు ఒకే ప్రయోగశాలలో, ఒకే పద్ధతిలో పరీక్ష చేయించుకుని, పాత నివేదికలు భద్రపరచుకోవడం మేలు. బాధితుల వివరాలను గోప్యంగా ఉంచాలని 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం నిర్దేశిస్తోంది.