ఇంట్లోనే పిల్లలకు సైన్స్ నేర్పాలా? వేలు పోసి కిట్లు కొనే ముందు ఇవి చూడండి

మీ ఇంట్లో ఆరు నుంచి పదేళ్ల పిల్లలున్నారా? హోమ్ స్కూలింగ్ చేయించాలని ఆలోచిస్తున్నారా? లేదంటే బడి నుంచి వచ్చాక సైన్స్‌ను కాస్త చేతులతో చేయించాలని ఉందా? ఫోన్‌లో ఒక్కసారి వెతికితే చాలు.. వేల రూపాయల కిట్లు, ఏడాది సబ్‌స్క్రిప్షన్లు, ఈఎంఐ ఆఫర్లు వరుస కడతాయి. సాంచాల మీదో, బీడీల మీదో వచ్చే కూలీతో ఇల్లు నడిపే సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల కుటుంబాలకు అది చిన్న మొత్తం కాదు. నిజానికి ఐదో తరగతి వరకు కావాల్సిన సైన్స్ సిలబస్ ఉచితంగానే దొరుకుతుంది. ఎక్కడ? ఎలా ఎంచుకోవాలి?

ఏ వయసుకు ఏం కావాలి?

1, 2 తరగతులకు సైన్స్ అంటూ వేరే పుస్తకమే లేదు. చూడటం, లెక్కపెట్టడం, రకాలుగా విడదీయడం, ప్రశ్నలు అడగడం.. ఇవే ఆ వయసు సైన్స్. 3 నుంచి 5 తరగతుల వరకు ‘పరిసరాల విజ్ఞానం’ ఉంటుంది. సామాన్య శాస్త్రం 6వ తరగతిలోనే మొదలవుతుంది. కాబట్టి ఏడేళ్ల పిల్లల కోసం ‘ఫిజిక్స్, కెమిస్ట్రీ ఫౌండేషన్’ అంటూ ఎవరైనా ఖరీదైన కోర్సు చూపిస్తే తొందరపడకండి.

ఉచితంగా దొరికేవి ఇవే

* తెలంగాణ ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకాలు: వెబ్‌సైట్ నుంచి పీడీఎఫ్‌లు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. 2022-23 నుంచి ఒక పేజీ తెలుగులో, పక్క పేజీ ఇంగ్లిష్‌లో వచ్చేలా ముద్రిస్తున్నారు. మీరు తెలుగు మీడియంలో చదివి, పిల్లలను ఇంగ్లిష్ మీడియంలో చదివిస్తుంటే ఇంతకన్నా సులువైన పుస్తకం లేదు.
* ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు: ‘అవర్ వండ్రస్ వరల్డ్’ పేరుతో 3వ తరగతికి 2024లో, 4, 5 తరగతులకు 2025లో కొత్త పుస్తకాలు వచ్చాయి. పీడీఎఫ్ ఉచితం. ముద్రించిన పుస్తకమే కావాలంటే 1 నుంచి 8వ తరగతి వరకు ఒక్కో కాపీ రూ.65.
* స్మాల్ సైన్స్: ముంబైలోని హోమీ భాభా సైన్స్ ఎడ్యుకేషన్ సెంటర్ 3, 4, 5 తరగతుల కోసం తయారుచేసింది. పాఠ్యపుస్తకం, వర్క్‌బుక్‌తో పాటు నేర్పేవారికి వేరే పుస్తకం ఉంటుంది. ఇంట్లో నేర్పే తల్లిదండ్రులకు ఎక్కువగా పనికొచ్చేది ఆ చివరిదే. ఇంగ్లిష్ చదవగలిగితే దీన్ని తప్పక చూడండి.
* దీక్షా యాప్, టీ-శాట్: పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను దీక్షా యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠం వీడియోలు వస్తాయి. టీ-శాట్ విద్య ఛానల్ పాఠాలను టీవీలోనూ, యాప్‌లోనూ చూడొచ్చు.
* అరవింద్ గుప్తా బొమ్మలు: పాత పేపర్లు, అగ్గిపుల్లలు, స్ట్రాలతో సైన్స్ నేర్పిన ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన వెబ్‌సైట్‌లో వందల ప్రయోగాలు ఉచితంగా ఉన్నాయి.
* స్టోరీవీవర్: ప్రథమ్ బుక్స్ సంస్థ నడిపే ఈ వెబ్‌సైట్‌లో సైన్స్ కథలు తెలుగులోనూ చదవొచ్చు.

ఇన్నింటిలో ఏది తీసుకోవాలి?

అన్నీ అక్కర్లేదు. ఒక పుస్తకం, ఒక నోట్‌బుక్ చాలు. పుస్తకం తెరిచి ఏదైనా ఒక పాఠం చూడండి. మూడు ప్రశ్నలు వేసుకోండి. పిల్లలు చేసే పని అందులో ఉందా, లేక చదివి బట్టీ పట్టడమేనా? అందుకు కావాల్సిన వస్తువులు మీ వంటింట్లో ఉన్నాయా? పక్కన కూర్చొని నేర్పేందుకు ఆ భాష మీకు వచ్చా? మూడింటికీ అవునని జవాబు వస్తే అదే మీ సిలబస్. వారానికి మూడు రోజులు, అరగంట చొప్పున కేటాయించండి.

ల్యాబ్ మన ఊళ్లోనే ఉంది

కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతం పసుపు పంటకు పేరు. చిటికెడు పసుపును నీళ్లలో కలిపి తెల్ల కాగితానికి పూసి ఆరనివ్వండి. దానిపై సబ్బు నీళ్ల చుక్క వేస్తే ఎర్రగా మారుతుంది. అక్కడే నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగుకొస్తుంది. ఆమ్లం, క్షారం అనే మాటలు తర్వాత చెప్పొచ్చు. ముందు ‘ఇంకా వేటితో ఎర్రబడుతుంది?’ అని పిల్లలనే వెతకనివ్వండి.

జగిత్యాల దగ్గరి పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. ‘జగిత్యాల సన్నాలు’ వరి రకం అక్కడిదే. రైతు మండె కట్టినట్టే గుప్పెడు వడ్లు నానబెట్టి తడి గుడ్డలో కట్టండి. పక్కనే పొడి గుడ్డలో మరికొన్ని ఉంచండి. ఏవి మొలిచాయి, ఎన్నో రోజు మొలిచాయి, పది గింజల్లో ఎన్ని.. నోట్‌బుక్‌లో రాయించండి. ఇది మొక్కల పాఠమే కాదు, లెక్కల పాఠం కూడా.

సిరిసిల్లలో గుడ్డముక్కలకు కొదవేముంది? కాటన్, పాలిస్టర్ ముక్కలపై ఒక్కో నీటి చుక్క వేసి ఏది త్వరగా పీలుస్తుందో చూడండి. గుండ్రంగా తిరిగే మోటారు సాంచాను ముందుకూ వెనక్కూ ఎలా ఆడిస్తుందో దూరం నుంచి చూపించండి. నడుస్తున్న సాంచా దగ్గరికి మాత్రం పిల్లలను వెళ్లనివ్వొద్దు.

డబ్బు కట్టాల్సి వస్తే..

ఎడ్‌టెక్ కంపెనీల విషయంలో జాగ్రత్తగా ఉండాలని కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబర్‌లోనే తల్లిదండ్రులకు సూచించింది. ఆటో డెబిట్‌కు ఒప్పుకోవద్దు. ‘ఉచిత ట్రయల్’ అంటూ కార్డు వివరాలు అడిగితే షరతులు చదవండి. ఈఎంఐ అంటే అది మీ పేరు మీద తీసుకునే అప్పేనని గుర్తుంచుకోండి. బిల్లు తప్పక తీసుకోండి. మోసపోయామనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

బడి పూర్తిగా మాన్పిస్తే ఇబ్బందా?

ఇది తేల్చుకోకుండా నిర్ణయం తీసుకోవద్దు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలో హోమ్ స్కూలింగ్‌కు ప్రత్యేక నిబంధనలు లేవు. 6-14 ఏళ్ల పిల్లలను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని సెక్షన్ 10 చెబుతోంది. పాటించకపోతే శిక్ష మాత్రం పేర్కొనలేదు. తిరిగి బడికి పంపాలనుకుంటే సెక్షన్ 4 ప్రకారం వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. తోటివారిని అందుకునేలా ప్రత్యేక శిక్షణ కూడా ఇవ్వాలి. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదు. అయినా బడి మాన్పించేటప్పుడే టీసీ తీసుకుని భద్రపరచడం మేలు.

ఎన్‌ఐఓఎస్ ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్‌లో ‘ఏ’ స్థాయి 3వ తరగతికి, ‘బి’ 5వ తరగతికి, ‘సి’ 8వ తరగతికి సమానం. ఓపెన్ స్కూల్‌లో పదో తరగతి రాయాలంటే 14 ఏళ్లు నిండాలి.

అందుకే పిల్లలు చేసిన ప్రతి ప్రయోగానికి తేదీ వేసి, బొమ్మ గీయించి, చూసింది రెండు వాక్యాల్లో రాయించండి. రేపు బడిలో ‘ఇంట్లో ఏం నేర్చుకున్నాడు?’ అని అడిగితే చూపించడానికి మీ చేతిలో ఉండేది ఆ నోట్‌బుక్కే. దాని ఖరీదు మహా అయితే యాభై రూపాయలు. ముందు అది కొనండి. పసుపు, వడ్లతో ఒక నెల గడిపి చూడండి. కిట్ అవసరమా కాదా అన్నది అప్పుడు ఆలోచించొచ్చు.