తుర్కపల్లి దాకా వెళ్తే పీఆర్ అంటే తెలుస్తుంది

మన ఫెస్ట్‌ల పుణ్యమా అని ఇంజినీరింగ్ కాలేజీల్లో "పీఆర్ టీమ్" అనే మాటకి ఒకటే అర్థం మిగిలింది. క్లాస్ క్లాస్‌కీ వెళ్ళి, సార్‌ని రెండు నిమిషాలు అడుక్కుని, ఈవెంట్ గురించి అరిచి చెప్పి, రిజిస్ట్రేషన్లు చేయించే బ్యాచ్. అది కష్టమైన పనే, కాదనను. కానీ దాని పేరు సేల్స్. ఈమధ్య "కోడింగ్ మన వల్ల కాదు, కమ్యూనికేషన్స్ వైపు వెళ్తా" అనేవాళ్ళు మన బ్రాంచ్‌లోనే కనిపిస్తున్నారు. రెజ్యూమెలో ఆ టీమ్ పేరే పీఆర్ అనుభవంగా రాసుకుంటున్నారు కూడా. ఇంటర్వ్యూలో ఎవరైనా "ఒక చెడ్డ వార్త వచ్చిన రోజు నువ్వేం చేస్తావ్?" అని అడిగితే ఆ అనుభవం పనికిరాదు. ఈ వ్యాసం వాళ్ళ కోసం.

తెలుగులో దీనికి పాత మాట ఒకటి ఉంది: పౌర సంబంధాలు. శామీర్‌పేట దగ్గర అంతాయిపల్లిలో ఉన్న మన మేడ్చల్-మల్కాజిగిరి కలెక్టరేట్‌కి వెళ్తే డీపీఆర్వో అని ఒక ఆఫీసర్ ఉంటారు, జిల్లా పౌర సంబంధాల అధికారి. కలెక్టర్ ఏం చేశారో పేపర్లకి చెప్పడం ఆయన పనిలో సగమే. జనం ఏం అనుకుంటున్నారో, ఏ పేపర్లో ఏ ఫిర్యాదు వచ్చిందో కలెక్టర్‌కి చెప్పడం మిగతా సగం. "సంబంధం" అన్నాక రెండు వైపులా ఉండాలి కదా. ఇంగ్లిష్ షార్ట్‌కట్ వాడి వాడి మనం ఆ రెండో వైపుని మర్చిపోయాం.

ఇక అసలు కేసు. రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట చెరువు దాటాక తుర్కపల్లి వస్తుంది. అక్కడే జీనోమ్ వ్యాలీ, అందులోనే భారత్ బయోటెక్. 2020, 2021లో ఈ ఊరి పేరు ప్రపంచమంతా వినిపించింది. కొవాగ్జిన్ అనే టీకా సైన్స్ కథగా అందరికీ తెలుసు. నా లెక్కలో అది కొత్తగా పీఆర్‌లో చేరేవాళ్ళు చదవాల్సిన మంచి పాఠం కూడా, ఎందుకంటే అందులో బాగా జరిగినవీ ఉన్నాయి, తడబడినవీ ఉన్నాయి. పైగా అక్కడ మాట తేడా వస్తే పోయేది కంపెనీ ఇమేజ్ ఒక్కటే కాదు. భయపడి టీకా వేసుకోని మనిషి ప్రాణం.

మొదటి తడబాటు తేదీ దగ్గర వచ్చింది. 2020 జులై 2న ఐసీఎంఆర్ నుంచి ట్రయల్స్ చేసే ఆస్పత్రులకి ఒక లెటర్ వెళ్ళింది. ఆగస్టు 15 కల్లా టీకా ప్రజలకి అందించాలన్నది లక్ష్యం అని అందులో ఉంది. అది ఆఫీసుల మధ్య లెటర్. ఒకట్రెండు రోజుల్లో అందరి ఫోన్లలోకి వచ్చేసింది. ఆరు వారాల్లో మూడు దశల ట్రయల్స్ ఎలా అవుతాయని సైంటిస్టులు అడిగారు. ఫైళ్ళు ఆలస్యం కాకూడదనే అలా రాశామని ఐసీఎంఆర్ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఇందులో కొత్తవాళ్ళు నేర్చుకోవాల్సింది: లోపలి కాగితం అంటూ ఏదీ ఉండదు. రేపు పేపర్లో వస్తే ఎలా ఉంటుందో చదివి చూసుకుని పంపమని బాస్‌కి చెప్పడం పీఆర్ మనిషి పనే.

రెండోది నాకు బాగా నచ్చిన ఉదాహరణ. హర్యానా మంత్రి అనిల్ విజ్ 2020 నవంబర్ 20న వాలంటీర్‌గా కొవాగ్జిన్ ట్రయల్ డోస్ వేయించుకున్నారు. డిసెంబర్ 5న ఆయనకే కరోనా పాజిటివ్ వచ్చింది. "టీకా వేసుకున్న మంత్రికి కరోనా" - ఇంతకన్నా పెద్ద హెడ్‌లైన్ ఏముంటుంది? కంపెనీ ఇచ్చిన ప్రకటన మాత్రం చాలా సింపుల్‌గా ఉంది. ఇది రెండు డోసుల టీకా. రెంటికీ మధ్య 28 రోజులు. రెండో డోస్ తర్వాత 14 రోజులకి గానీ దాని ప్రభావం లెక్కలోకి రాదు. పైగా ట్రయల్‌లో సగం మందికి ఇచ్చేది టీకా, సగం మందికి ప్లసీబో. అంటే ఆయనకి అసలు టీకా పడిందో లేదో కూడా అప్పటికి తెలియదు. మంత్రిని తప్పుపట్టలేదు, మీడియాని తిట్టలేదు. పని ఎలా జరుగుతుందో చెప్పారు, అంతే. తేదీలు లెక్కేసుకుంటే నవంబర్ 20 నుంచి డిసెంబర్ 5కి 15 రోజులే అని ఎవరికైనా అర్థమవుతుంది.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, ఆ ప్రకటన రాసిన వాళ్ళకి ట్రయల్ ఎలా నడుస్తుందో ముందే తెలిసి ఉండాలి. వార్త వచ్చాక సైంటిస్ట్ దగ్గరికి పరిగెత్తి "సార్, ప్లసీబో అంటే ఏంటి?" అని అడిగే టైమ్ ఉండదు. కాబట్టి ఉద్యోగంలో చేరిన మొదటి నెల ప్రెస్‌నోట్ల మీద కాకుండా ప్లాంట్ మీద పెట్టండి. ఫార్మా అయితే ల్యాబ్, ఆస్పత్రి అయితే క్యాజువాల్టీ, సాఫ్ట్‌వేర్ అయితే సపోర్ట్ టీమ్. మనం ఇంజినీరింగ్ చదివినందుకు ఇందులో కొంచెం అడ్వాంటేజ్ ఉంది, వాడుకోవాలి.

డిసెంబర్ 9న 64 మంది విదేశీ రాయబారుల్ని, హైకమిషనర్లని జీనోమ్ వ్యాలీకి తీసుకొచ్చి భారత్ బయోటెక్, బయొలాజికల్ ఇ ప్లాంట్లు చూపించారు. అంతకు ముందు నవంబర్ 28న ప్రధాని వచ్చి వెళ్ళారు. మాటల కన్నా గేటు తెరిచి చూపించడం పాత టెక్నిక్. 1906లో అమెరికాలో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ ప్రమాదం జరిగినప్పుడు ఐవీ లీ అనే ఆయన వార్తని దాచే బదులు జర్నలిస్టుల్ని ప్రమాద స్థలానికి తీసుకెళ్ళాడు. ఆయన ఇచ్చిన నోట్‌నే మొదటి ప్రెస్ రిలీజ్ అని చాలామంది చెప్తారు. అయితే ఒకటి: రాయబారులకి తెరిచిన గేటు పక్కూరి సర్పంచ్‌కి కూడా ఎప్పుడైనా తెరుస్తారా? ఏ కంపెనీ పీఆర్‌కైనా నేను అడగాలనుకునే ప్రశ్న ఇది. ఢిల్లీ నుంచి వచ్చినవాళ్ళు సాయంత్రానికి వెళ్ళిపోతారు, ఊరు అక్కడే ఉంటుంది.

2021 జనవరి మొదటి వారం దగ్గర కొంచెం ఎక్కువ సేపు ఆగాలి. జనవరి 3న కొవాగ్జిన్‌కి అత్యవసర వినియోగానికి అనుమతి వచ్చింది. అప్పటికి మూడో దశ ఫలితాలు రాలేదు. అనుమతిలో "క్లినికల్ ట్రయల్ మోడ్" అనే మాట ఒకటి పెట్టారు. ఆ మాటకి ఇంటి దగ్గర అమ్మమ్మకి అర్థమయ్యేలా ఆ రోజు ఎవరూ తెలుగు చెప్పలేదు. చెప్పకపోతే జనమే చెప్పుకుంటారు: "మన మీద ప్రయోగం చేస్తున్నారంట." చట్టం భాషలో ఒక మాట ఉంటే అదే రోజు దానికి మామూలు తెలుగు అర్థం ఇచ్చేయాలి. ఖాళీ వదిలితే వాట్సాప్ నింపేస్తుంది.

అదే సమయంలో సీరం ఇన్‌స్టిట్యూట్ అధిపతి అదర్ పూనావాలా ఒక ఇంటర్వ్యూలో, మూడు విదేశీ టీకాలే పనిచేస్తాయని రుజువైందని, మిగతావి నీళ్ళలాగా సురక్షితం మాత్రమే అన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. ఆ మూడింటిలో ఆయన కంపెనీ ఇక్కడ తయారు చేస్తున్న ఆక్స్‌ఫర్డ్ టీకా ఒకటి. జనవరి 4న భారత్ బయోటెక్ ఛైర్మన్ డాక్టర్ కృష్ణ ఎల్లా ఆన్‌లైన్ ప్రెస్‌మీట్ పెట్టి గట్టిగా బదులిచ్చారు. ఆ మాటల్లో బాధ ఉంది, కోపం ఉంది. ఒక సైంటిస్ట్‌గా ఆయనకి కోపం రావడం నాకు సహజంగానే అనిపిస్తుంది. కానీ వినేవాళ్ళ వైపు నుంచి చూడండి. టీకా వేసుకోవాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్న మనిషికి టీకాలు తయారు చేసే ఇద్దరూ గొడవపడుతున్నట్టు కనిపించింది. జనవరి 5న రెండు కంపెనీలూ కలిసి ఒక ప్రకటన ఇచ్చి, ప్రజల ప్రాణాలు కాపాడటమే తమ ముందున్న పని అని చెప్పాయి. ఒక్క రోజులో సర్దుకోవడం మెచ్చుకోవాల్సిందే.

బాస్ కోపంగా ఉన్నప్పుడు జూనియర్ పీఆర్ ఏం చేయగలడు? పెద్దాయన్ని ఆపలేడు, నిజమే. ప్రెస్‌మీట్‌ని రెండు గంటలు వెనక్కి జరపగలడు. "సార్, అడిగే మొదటి ప్రశ్న ఇదే ఉంటుంది, దీనికి అంకెలతో జవాబు రాసిచ్చాను, ఇది ముందు చెప్పండి" అని ఒక కాగితం చేతిలో పెట్టగలడు. ఈ ఉద్యోగంలో ధైర్యం అంటే చాలాసార్లు ఇంతే.

అంకెల గురించి ఒక్క మాట, ఎందుకంటే చాలామంది లెక్కలు వద్దనుకునే పీఆర్‌కి వెళ్తారు. 2021 మార్చి 3న మధ్యంతర ఫలితాలు వచ్చాయి: 81 శాతం సమర్థత. ట్రయల్‌లో 25,800 మంది ఉంటే, అప్పటికి 43 మందికి కరోనా వచ్చింది. ప్లసీబో వాళ్ళలో 36, టీకా వాళ్ళలో 7. రెండు గ్రూపులూ దాదాపు సమానం కాబట్టి 36లో 29 తగ్గాయి, అంటే 80.6 శాతం. దీన్నే మన దగ్గర చాలామంది "100 మంది వేసుకుంటే 19 మందికి కరోనా వస్తుందంట" అని అర్థం చేసుకున్నారు. అది పూర్తిగా తప్పు. టీకా లేకపోతే 36 మందికి వచ్చే చోట, టీకా ఉంటే 7 మందికి వచ్చింది, అని ఒక్క వాక్యం ప్రెస్‌నోట్‌లో ఉంటే చాలు. తర్వాత జులైలో 130 కేసులతో వచ్చిన చివరి లెక్క 77.8 శాతం. ముందు చెప్పినది "మధ్యంతరం" అని గట్టిగా చెప్పి ఉంటేనే తర్వాత అంకె తగ్గినా నమ్మకం తగ్గదు.

ఆ తర్వాత ఎదురుచూపు. డబ్ల్యూహెచ్‌వో గుర్తింపు కోసం ఏప్రిల్ 2021లో అప్లికేషన్ మొదలైంది, నవంబర్ 3న వచ్చింది. మధ్యలో ఆగస్టులో అమెరికా యూనివర్సిటీలు తెరుచుకున్నాయి. కొవాగ్జిన్ వేసుకున్న స్టూడెంట్స్‌ని కొన్ని యూనివర్సిటీలు మళ్ళీ వేరే టీకా వేయించుకోమన్నాయి. ఎంఎస్ కోసం వెళ్ళే సీనియర్లు లేని ఇంజినీరింగ్ కాలేజీ మన హైదరాబాద్‌లో ఉందా? వాళ్ళకి కావాల్సింది గొప్ప మాటలు కాదు, "ఫైల్ ఎక్కడుంది, మళ్ళీ ఎప్పుడు చెప్తారు" అనే రెండు సమాధానాలు. ఏదైనా సర్వర్ డౌన్ అయితే స్టేటస్ పేజీలో "చూస్తున్నాం, తర్వాతి అప్‌డేట్ 4 గంటలకి" అని పెడతారు కదా. సమాధానం దొరక్కపోయినా 4 గంటలకి మళ్ళీ వచ్చి "ఇంకా చూస్తున్నాం" అని చెప్తారు. పీఆర్‌లో కూడా "ఇంకా తెలియదు" అనేది జవాబే, పక్కన ఒక తేదీ ఉంటే.

ఇక రోజువారీ పని. ఇంగ్లిష్‌లో రాసి గూగుల్‌లో తెలుగు చేసిన ప్రెస్‌నోట్‌ని ఏ విలేకరీ ఇష్టపడడు. నాలాంటి ఇంగ్లిష్ మీడియం వాళ్ళకి ఇదే పెద్ద గండం. ఈనాడు 1989లో జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టాక తెలుగు పేపర్లు మండలం దాకా వెళ్ళాయి. మేడ్చల్‌లో, శామీర్‌పేటలో మీ వార్త రాసేది ఆ మండల విలేకరే. ఆయన చాలా ఊళ్ళు చూసుకోవాలి, జిల్లా పేజీ తొందరగా మూసేస్తారు. మధ్యాహ్నంలోపు, ఒక పేజీలో, ఎవరు ఏం చేశారో మొదటి వాక్యంలోనే ఉండేలా, పేర్ల స్పెల్లింగ్ సరిగ్గా, ఫోన్ చేస్తే ఎత్తే నంబర్‌తో పంపండి. నోట్ రాయడం చాట్‌జీపీటీ కూడా చేస్తుంది. రాత్రి 9 గంటలకి ఫోన్ ఎత్తి "అది నిజమే, వివరాలు అరగంటలో ఇస్తా" అనడం చేయదు.

డబ్బు విషయం కూడా చెప్పాలి. ప్రెస్‌మీట్ తర్వాత కవర్లు ఇవ్వడం, యాడ్‌ని వార్తలా వేయించడం ఈ రంగంలో ఉన్న రోగాలు. పెయిడ్ న్యూస్ మీద 2010లో ప్రెస్ కౌన్సిల్ సబ్ కమిటీ రిపోర్ట్ రాసిన ఇద్దరిలో ఒకరు మన తెలుగు జర్నలిస్ట్ కె. శ్రీనివాస్ రెడ్డి. మొదటి ఉద్యోగంలోనే ఆ కవర్లు పంచే పని మీకు అప్పజెప్పొచ్చు. అలా కొన్న విలేకరి, చెడ్డ వార్త వచ్చిన రోజు మీ మాట నమ్మడు, ఎందుకంటే మీ మాట ఖరీదు ఎంతో ఆయనకి తెలుసు.

చదవాలనుకుంటే ఉస్మానియాలో జర్నలిజం డిపార్ట్‌మెంట్ 1954 నుంచి ఉంది. మన రాష్ట్రంలోనే పనిచేసిన సి.వి. నరసింహారెడ్డి గారి పీఆర్ పుస్తకాలు లైబ్రరీల్లో దొరుకుతాయి. అంతకన్నా ముందు ఖర్చు లేని పని ఒకటుంది: ఒక వారం పాటు ఏదైనా తెలుగు పేపర్ మేడ్చల్ జిల్లా పేజీ తీసుకుని, ఏ వార్త ప్రెస్‌నోట్ నుంచి వచ్చిందో, ఏది విలేకరి తిరిగి రాసిందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. మొదటి రోజు పోల్చుకోలేరు. నాలుగో రోజుకి, ఏ ప్రెస్‌నోట్‌లో ఏ ప్రశ్నకి జవాబు ఎగ్గొట్టారో కూడా కనిపించడం మొదలవుతుంది.