పాత కంప్యూటరు: బాగుచేద్దామా, మారుద్దామా?

బాలలూ! మీ బడిలోని పాత కంప్యూటరు పనికి సిద్ధం కావడానికి ఐదు నిమిషాలు తీసుకుంటోందా? వెంటనే పారేయమనకండి. మందిచ్చే ముందు జబ్బేమిటో తెలుసుకోవాలి కదా!

ప్రతిసారీ తేదీ తప్పు చూపుతుంటే, లోపలున్న 3 వోల్టుల నాణెమంత బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు. దాన్ని మారిస్తే చాలు. పనిచేస్తూ ఆగిపోతుంటే, ఫ్యానుకు దుమ్ముపట్టి ప్రాసెసరు వేడెక్కుతోందేమో చూడాలి.

మరి నత్తనడకకు కారణం? చాలాసార్లు హార్డ్ డిస్కే. అందులోని పళ్లెం నిమిషానికి 7,200 సార్లు, అంటే సెకనుకు 120 సార్లు తిరుగుతుంది. అయినా కావలసిన సమాచారం హెడ్ కిందికి రావాలంటే సగటున అరచుట్టు, అంటే 4 మిల్లీసెకన్లకు పైగా ఆగాలి. ఎస్.ఎస్.డి.లో తిరిగే భాగాలే లేవు. అందుకే అది అమర్చగానే పాత యంత్రం చురుకవుతుంది.

మదర్‌బోర్డే పాడైతే? కొత్త బోర్డుకు తరచు ప్రాసెసరు, మెమరీ కూడా కొత్తవే కావాలి. అప్పుడు కొత్త కంప్యూటరే మేలు కావచ్చు.

డిస్కు టకటకమంటుంటే మాత్రం ముందు ఫైళ్లకు నకళ్లు తీయండి. యంత్రం మళ్లీ కొనవచ్చు, పోయిన ఫొటోలను కొనలేం! పవర్ సప్లయి పెట్టెను మాత్రం విప్పకండి. ప్లగ్గు తీసినా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.