మంచు తక్కువైతే ముప్పు తక్కువా?

శీతకాలంలో మంచు కప్పిన కొండను స్కీలు కట్టుకొని ఎక్కి, తిరిగి వాటిమీదనే జారుతూ దిగడం ఆల్ప్స్ ప్రాంతంలో చిరకాలంగా ఉన్న క్రీడ. షెర్లాక్ హోమ్స్ కథలు వ్రాసిన ఆర్థర్ కానన్ డాయిల్ 1894 మార్చిలో స్విట్జర్లండులోని దావోస్ నుండి ఒక కనుమ దాటి అరోసాకు ఈ విధంగానే వెళ్ళాడు. మన దేశంలో కాశ్మీరులోని గుల్మార్గ్ వద్ద స్కీయింగు సాగుతున్నది.

అయితే ఒక్కొక్క ఏడు మంచు సరిగా కురవదు. వాలుల మీద రాళ్ళు, పొదలు తేలి కనిపిస్తాయి. అటువంటప్పుడు, "మంచే లేదు గదా, మంచుచరియల భయం మాత్రం ఎక్కడిది?" అని తోచడం సహజం. కాని భౌతికశాస్త్రం దీనికి వేరొక సమాధానం చెబుతుంది.

ముందుగా, జారుటకై చేసిన స్కీలతో కొండ ఎక్కడం ఎట్లా సాధ్యం? ఎక్కేటప్పుడు స్కీల అడుగున పొడవైన పట్టీలు అంటిస్తారు. పూర్వం వీటిని సీల్ చర్మంతో చేసేవారు. ఇప్పుడు అంగోరా మేక ఉన్నితో గాని, నైలానుతో గాని చేస్తున్నారు. పట్టీకి ఉన్న నూగు అంతా వెనుకకు వాలి ఉంటుంది. పిల్లి వీపును తల నుండి తోక వైపు నిమిరితే చేయి సులభంగా పోతుంది. ఎదురు నిమిరితే రోమాలు అడ్డుకుంటాయి. అదే విధంగా స్కీ ముందుకు జారుతుంది, వెనుకకు జారదు. అడుగు వేయడానికి వీలుగా మడమ పైకి లేచేటట్లు కట్టు అమర్చుతారు. మంచు గడ్డకట్టి గాజు వలె ఉన్నచోట నూగు పట్టు చాలదు. అక్కడ స్కీలకు లోహపు పళ్ళు తగిలించుకుంటారు.

ఇక అసలు విషయానికి వద్దాం. మంచు అధమ ఉష్ణవాహకం. దాని స్ఫటికాల మధ్య గాలి చిక్కుకొని ఉండటమే ఇందుకు కారణం. అందుచేత పైన ఎంత చలిగా ఉన్నా, నేలను అంటిన మంచు సాధారణంగా 0 డిగ్రీల సెంటీగ్రేడుకు దగ్గరగానే ఉంటుంది. పై ఉపరితలం మైనస్ 15 డిగ్రీలు అనుకొందాం. మంచు మందం 150 సెంటీమీటర్లైతే ప్రతి 10 సెంటీమీటర్లకు 1 డిగ్రీ భేదం వస్తుంది. మందం 50 సెంటీమీటర్లే అయితే అదే భేదం 3 డిగ్రీలు. అనగా మంచు పలుచనైన కొలదీ ఉష్ణోగ్రతా ప్రవణత పెరుగుతుంది.

పెరిగితే ఏమి జరుగుతుంది? మంచుగడ్డపై నీటి బాష్ప పీడనం 0 డిగ్రీల వద్ద 611 పాస్కలులు. మైనస్ 10 డిగ్రీల వద్ద 260 మాత్రమే. కావున క్రింది వెచ్చని స్ఫటికాల నుండి ఆవిరి లేచి, పైనున్న చల్లని స్ఫటికాలపై పేరుకుంటుంది. మధ్యలో నీరుగా మారే దశ ఉండదు. దీనినే ఉత్పతనం అంటాము. ప్రవణత తక్కువగా ఉన్నప్పుడు మంచు రేణువులు గుండ్రబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. 10 సెంటీమీటర్లకు సుమారు 1 డిగ్రీ మించినప్పుడు మాత్రం అవి కోణాలు దేరి, చివరకు చిన్న గిన్నెల వంటి పెళుసు స్ఫటికాలుగా పెరుగుతాయి. ఇటువంటి మంచును గుప్పిట పట్టినా ముద్ద కాదు. చక్కెర వలె రాలిపోతుంది.

ఇట్లా పలుచని మంచు వారాల తరబడి చలిలో పడి ఉంటే అడుగున బలహీనమైన పునాది తయారవుతుంది. ఆ పైన ఒక పెద్ద మంచువాన కురిసి, గాలికి గట్టిపడి పలకగా ఏర్పడిందంటే ప్రమాదం సిద్ధమైనట్లే. మనిషి బరువు వలన కలిగే ఒత్తిడి లోతుకు పోయిన కొలదీ తగ్గుతుంది. మందమైన మంచులో బలహీన పొర లోతుగా ఉండి కొంత రక్షణ పొందుతుంది; పలుచని మంచులో అది కాళ్ళ క్రిందనే ఉంటుంది. ఒకచోట పొర కూలితే ఆ కూలడం వాలు పొడుగునా పాకి, పలక మొత్తం విడిపోతుంది.

2024 జనవరిలో గుల్మార్గ్ వాలులు చాలా రోజులు దాదాపు బోసిగా ఉన్నాయి. నెలాఖరు నుండి మంచు కురిసింది. ఫిబ్రవరి 22న మంచుచరియ విరిగిపడి రష్యా దేశపు స్కీయరు ఒకరు మరణించారు. మంచు కరవు వచ్చిన ఏడు కూడా మంచుచరియలు ప్రాణాలు తీయగలవనడానికి ఇది నిదర్శనం.

దావోస్ సమీపాన వైస్‌ఫ్లూయోఖ్ వద్ద, 2,536 మీటర్ల ఎత్తున, 1936 నుండి మంచు మందం కొలుస్తున్నారు. అక్కడి పరిశోధన సంస్థ శీతకాలంలో రోజూ ప్రమాద స్థాయిని ప్రకటిస్తుంది. కొండ ఎక్కేవారు దానిని చూసుకొని బయలుదేరుతారు. పలకలు ఎక్కువగా విడిపోయేది 30 నుండి 45 డిగ్రీల వాలులలో గనుక అంతకన్న తక్కువ వాలున్న దారి ఎన్నుకుంటారు. కాలి క్రింద మంచు "ధుమ్ము"మని కూలిన చప్పుడు వినిపించినా, పగుళ్ళు పరుగెత్తినా ఆ వాలును వదలి వెనుదిరుగుతారు. ప్రతివారి వద్ద రేడియో సంకేత పరికరం, పొడవైన కడ్డీ, పార ఉంటాయి. పూర్తిగా కూరుకుపోయిన వారిని పది నిమిషాలలో వెలికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది దాకా బ్రతుకుతారు. అరగంట దాటితే ముగ్గురే. బయటినుండి సహాయం వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండదు. కావున ఒంటరిగా వెళ్ళరాదు.

మంచు చూడని మన విద్యార్థులకు కూడా దీనిని తరగతిలో చూపవచ్చు. రెండు చెక్కలపై గరుకు కాగితం అంటించండి. ఒకదానిపై గోధుమపిండి పరచి మెల్లగా అదమండి. రెండవదానిపై ముందు పలుచగా చక్కెర చల్లి, ఆపైన అంతే పిండి పరచండి. రెండింటినీ నెమ్మదిగా పైకెత్తుతూ, ఏ చెక్కపై పిండి ఏ కోణం వద్ద జారిందో కోణమాపకంతో కొలవండి. రెండింటిపైనా పిండి ఒకటే. భేదమంతా కంటికి కనిపించని అడుగు పొరలో ఉన్నది.